పోయిన వేళ ఎంత?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "సైన్సు మీద ఓ అరగంట మాట్లాడండి, పిల్లలకి పనికొచ్చేలా ఉండాలి" అన్నారు. ముప్పై ఏళ్ళుగా థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో పనిచేస్తున్నవాణ్ణి కాబట్టి బాయిలర్ల గురించి చెబుతానని ఆయన అనుకున్నారు. మనిషి పోయాక శరీరంలో ఏయే మార్పులు వస్తాయి, వాటిని బట్టి పోయిన వేళని ఎలా అంచనా కడతారు అన్నది చెబుతానంటే కాసేపు మాట్లాడలేదు. "పండగ పూట ఇదేం సబ్జెక్టండీ!" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పులేదు. కానీ ఈ బళ్ళో నేర్చుకున్న ఒక పాఠం నాకు జీవితంలో ఒకే ఒక్కసారి గట్టిగా అవసరపడింది. ఆ రోజు నేను దాన్ని వాడుకోలేకపోయాను. ఆ సంగతి ఇక్కడ చెప్పుకోకపోతే ఇంకెక్కడ చెప్పుకుంటాను? నేను డాక్టర్ని కాను. ఒక డాక్టరుగారి దగ్గర విన్నదీ, తరవాత పుస్తకాల్లో వెతుక్కుని చదివిందీ చెబుతున్నాను. పొరపాటుంటే సభలో ఉన్న డాక్టరు మిత్రులు దిద్దవచ్చు.

ముందు ఆ పాఠం. తొమ్మిదో తరగతిలో సైన్సు మాస్టారు ఒక రోజు హాస్టల్ వంటింట్లోంచి గ్లాసుడు మరిగే నీళ్ళు తెప్పించారు. అందులో థర్మామీటరు పెట్టి, రెండు నిమిషాలకోసారి ఒకణ్ణి పిలిచి చదవమన్నారు, ఇంకొకణ్ణి బోర్డు మీద రాయమన్నారు. మొదట అంకెలు గబగబా పడ్డాయి. తరవాత నెమ్మదించాయి. పీరియడ్ అయ్యేసరికి దాదాపు కదలడం మానేశాయి. చుక్కలు కలిపి గీత గీస్తే ముందు జారుడుబల్ల, తరవాత చదును. "వేడి ఎంతుందన్నది కాదురా, గదికీ దానికీ తేడా ఎంతుందో అది చూడండి. తేడా ఉన్నంత సేపే పరుగు" అన్నారాయన. న్యూటన్ శీతలీకరణ నియమం అన్న పేరు తరవాత కాలేజీలో విన్నాను. విషయం మాత్రం ఆ గ్లాసు దగ్గరే తెలిసింది.

ఇక అసలు సంగతి. ఇరవై ఏళ్ళు దాటింది. రోహిణి కార్తె. మా కేంద్రంలో పంపుల దగ్గర కాంట్రాక్టు మీద పనిచేసే ఆపరేటరు ఒకాయన రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఉండే షిఫ్టులో ఉన్నాడు. నలభై అయిదేళ్ళుంటాయి. ఆరింటికి వచ్చిన రెండో మనిషి కుర్చీ ఖాళీగా కనిపిస్తే, వెళ్ళిపోయాడనుకుని పనిలో పడ్డాడు. ఏడుంబావుకి ఊడ్చే మనిషి ప్యానెల్ వెనక్కి వెళితే ఆయన గోడకి చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. ఉదయం షిఫ్టు ఇంజనీరుని నేనే. ఏడున్నరకి అక్కడికి చేరాను. మణికట్టు పట్టుకు చూద్దామని చెయ్యి ఎత్తబోతే మోచెయ్యి వంగలేదు. తొమ్మిదింటికి పోలీసులొచ్చారు. శవ పంచనామా రాశారు. పంచాయతీదార్లలో ఒకడిగా నేనూ సంతకం పెట్టాను. మధ్యాహ్నం ఒంటిగంటకి పోస్టుమార్టం జరిగింది. గుండె ఆగి పోయాడని తేలింది. రిపోర్టులో పోయిన వేళ "పరీక్షకు 6 నుంచి 12 గంటల ముందు" అని ఉంది. అంటే రాత్రి ఒంటిగంటకీ ఉదయం ఏడింటికీ మధ్య.

ఆరింటికి డ్యూటీ దిగుతాడు. డాక్టరుగారిచ్చిన వ్యవధి ఆ ఆరుకి అటూ ఇటూ ఉంది. కాంట్రాక్టరు మనిషి అప్పుడే మొదలుపెట్టాడు: "డ్యూటీ దిగి, ఇంటికి పోకుండా అక్కడ కునుకు తీశాడు, అప్పుడు పోయాడు, మాకేం సంబంధం?" 1923లో వచ్చిన నష్టపరిహారం చట్టం అప్పుడు అమల్లో ఉండేది. పని చేస్తుండగా, ఆ పని కారణంగా జరిగిందని తేలాలి. లాయర్ల వాదనలు ఇంకా చాలా ఉన్నాయి గానీ నాకు పట్టుకున్నది ఈ వేళ సంగతే. ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు.

నాలుగు రోజులు పోయాక ఆ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. నా ధీమా ఏమిటంటే, ఇది లెక్క. మొదటి ఉష్ణోగ్రత తెలుసు, 37 డిగ్రీలు. చివరి ఉష్ణోగ్రత కొలవవచ్చు. చల్లబడే సూత్రం తెలుసు. ఇక టైము రాకపోవడమేమిటి? "మూడుకీ నాలుక్కీ మధ్య అని రాస్తే సరిపోయేది కదండీ" అన్నాను, కొంచెం విసురుగానే. ఆయన కోప్పడలేదు. "మీరు ఇంజనీరు కదా, ఆ ప్యానెల్ వెనక ఎంత వేడి ఉంటుందండీ?" అని అడిగారు.

"తెల్లవారుజామున కూడా 38 ఉంటుందండీ."

"మనిషి 37. మరి ఎటు చల్లబడతాడు?"

మా మాస్టారి గ్లాసు గుర్తొచ్చి తల దించుకున్నాను. తేడా ఉన్నంత సేపే పరుగు. తేడా లేని చోట ఆ గడియారానికి కీ ఇచ్చినవాళ్ళే లేరు.

శవం చల్లబడటాన్ని థర్మామీటరుతో కొలిచి కాలం చెప్పవచ్చన్న ఆలోచన కొత్తదేం కాదు. జాన్ డేవీ అనే ఇంగ్లీషు డాక్టరు మాల్టాలో సైనికుల శవాల మీద కొలిచి 1839లో ప్రచురించాడు. 1868లో గ్లాస్గోలో హ్యారీ రైనీ న్యూటన్ సూత్రాన్నే వాడి, అది సరిగ్గా అతకడం లేదని కూడా గమనించాడు. ఎందుకు అతకదో పెళ్ళి వంటలు చూసినవాళ్ళకి తెలుస్తుంది. గుండిగలో పప్పు దించాక పైన వేలు పెడితే చల్లగా ఉంటుంది, గరిటె లోపలికి పోతే పొగలు కక్కుతుంది. శరీరమూ అంతే. ముందు చర్మం చల్లబడాలి, ఆ తరవాతే లోపలి వేడి బయటికి నడవడం మొదలవుతుంది. అందుకని పోయిన తరవాత మొదట్లో కొంతసేపు, ఒక్కోసారి గంటకి పైగా, లోపలి ఉష్ణోగ్రత దాదాపు కదలదు. డాక్టర్లు కొలిచేది ఆ లోపలిదే. చంకలోదీ నోటిలోదీ పనికిరావు. మలద్వారంలోంచి పొడుగాటి థర్మామీటరు పెడతారు. 1962లో మార్షల్, హోర్ అనే ఇద్దరు ఈ మొదటి చదునుని కూడా లెక్కలోకి తీసుకునే సూత్రం కట్టారు. దాని మీదే జర్మనీలో హెన్స్‌గె అనే ఆయన ఒక పటం తయారుచేశాడు. శరీరం బరువు, గది ఉష్ణోగ్రత, లోపలి ఉష్ణోగ్రత తెలిస్తే గీతలు కలిపి కాలం చదువుకోవచ్చు. బట్టలు, గాలి, తడి ఉంటే సవరణలున్నాయి. ఇంత చేసినా, అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు కూడా, అది అటు 2.8 గంటలు, ఇటు 2.8 గంటలు తేడాతోనే చెబుతుంది. ఆ ప్లస్, మైనస్ చూసి నేను ఆశ్చర్యపోయాను. మొత్తం కలిపితే అయిదున్నర గంటల పైమాట. మంచి పరిస్థితుల్లోనే అంత ఉంటే, రోహిణి కార్తెలో పంపుల మధ్య డాక్టరుగారు ఆరు గంటల వ్యవధి ఇవ్వడం బద్ధకం కాదని అప్పుడర్థమైంది.

పైగా మొదలు 37 అన్నదీ నమ్మకం కాదు. జ్వరంతో పోయినవాడు 40 దగ్గర మొదలుపెడతాడు. పాత పాశ్చాత్య పుస్తకాల్లో గంటకి ఒకటిన్నర ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గుతుందనే మోటు లెక్క ఉంది. మన ఎండాకాలంలో ఆ లెక్క పట్టుకుంటే రాత్రి పోయినవాణ్ణి పొద్దున పోయాడంటాం.

మరి డాక్టరుగారు దేన్ని బట్టి చెప్పారు? ఒకటి, కొయ్యబారడం. ఇది మన ఇళ్ళలో పెద్దవాళ్ళకి సైన్సు పేరు తెలియకుండానే తెలిసిన విషయం. మా తాతయ్య పోయినప్పుడు మా నాయనమ్మ ఏడుస్తూనే, "ముందు కాళ్ళూ చేతులూ సాపు చెయ్యండిరా, తరవాత కుదరదు" అంది. గడ్డం కిందనుంచి గుడ్డ కట్టించింది, కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టించింది, రెప్పలు మూయించింది. ఆలస్యమైతే దవడ తెరుచుకున్నది తెరుచుకున్నట్టే బిగుసుకుంటుందని ఆమెకి తెలుసు.

కారణం మాత్రం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. కండరం బిగియడానికి శక్తి కావాలని అందరం అనుకుంటాం. వదలడానికి కూడా కావాలి. కండరంలో ఆక్టిన్, మయోసిన్ అనే రెండు రకాల పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని లాగుతాయి. పట్టు విడిపించేది ఏటీపీ అనే పదార్థం. ఊపిరి ఆగాక కొత్త ఏటీపీ తయారవదు, ఉన్నది అయిపోతుంది. అంతే, పట్టు పట్టినట్టే ఉండిపోతుంది. పోయిన వెంటనే ఒళ్ళంతా వదులుగా ఉంటుంది. ఆ తరవాత ముందు రెప్పల్లో, దవడలో, మెడలో బిగువు తెలుస్తుంది. తరవాత చేతులు, నడుం, చివరికి కాళ్ళు. ఈ వరసని నిస్టెన్ అనే ఫ్రెంచి డాక్టరు 1811లో రాశాడు. చివరికి ఆ పోగులే కుళ్ళి తెగిపోయాక మళ్ళీ వదులవుతుంది. చేపల బజారులో కొయ్యలా ఉన్న చేపని ఏరుకునే ఇల్లాలు చేసేదీ ఈ పరీక్షే.

చలిదేశాల పుస్తకాల్లో బిగియడానికి 12 గంటలు, బిగిసి ఉండటం 12, వదలడం 12 అని ఒక సూత్రం ఉంది. మన వేడికి అది నడవదు. మన దగ్గర గంట, రెండు గంటల్లోనే మొదలవుతుంది, త్వరగా ముదురుతుంది, త్వరగా వదిలేస్తుంది. ఒళ్ళు వంచి పనిచేస్తూ పోయినవాడిలో ఇంకా త్వరగా వస్తుంది, ఏటీపీ ముందే ఖర్చయి ఉంటుంది కాబట్టి. డాక్టరుగారి బల్ల మీద హైదరాబాదు ఉస్మానియా వైద్య కళాశాలలో పాఠాలు చెప్పిన డాక్టర్ కె.ఎస్. నారాయణ రెడ్డిగారి పుస్తకం ఉంది. దేశమంతటా వైద్య విద్యార్థులు చదివే పుస్తకం అది. తీసి ఆ పేజీ చూపించారు.

రెండోది, నెత్తురు మరకలు. గుండె ఆగాక నెత్తురు నీళ్ళలాగే పల్లానికి దిగుతుంది. కిందివైపు చర్మం ఊదా రంగుకి తిరుగుతుంది. అరగంట, గంటలో మచ్చలుగా మొదలై, మచ్చలు కలిసిపోయి, సుమారు 6 నుంచి 12 గంటల్లో స్థిరపడతాయి. స్థిరపడక ముందు బొటనవేలితో నొక్కితే తెల్లబడతాయి, శవాన్ని తిప్పితే చోటు మారతాయి. స్థిరపడ్డాక మారవు. ఒంటిగంటకి చూసేసరికి మా మనిషికి కాళ్ళలో, కూర్చున్న భాగంలో మరకలు స్థిరపడి ఉన్నాయి. కూర్చుని పోయాడు, కూర్చునే ఉన్నాడు అన్నంత వరకు ఖాయం. పొట్ట కింద కుడివైపు వచ్చే ఆకుపచ్చ మచ్చ ఇంకా రాలేదు. మన ఎండాకాలంలో అది సుమారు 12 నుంచి 18 గంటలకి వస్తుంది. కుళ్ళడం, ఈగలు, పురుగులు ఇవన్నీ రోజుల లెక్క. పిల్లలున్నారు, అది వదిలేస్తాను.

మూడోది పొట్టలో అన్నం. తోటివాళ్ళతో కలిసి అర్ధరాత్రి క్యారియర్ విప్పాడు. పోస్టుమార్టంలో కొంచెమే మిగిలి ఉంది. మామూలు భోజనం పొట్ట దాటడానికి మూడు, నాలుగు గంటలు పడుతుందంటారు. నేను దీన్ని పట్టుకుని "చూశారా, మూడు, నాలుగు!" అన్నాను. డాక్టరుగారు తల అడ్డంగా ఊపారు. భయపడ్డా, దెబ్బ తగిలినా, ఒంట్లో బాగాలేకపోయినా అరుగుదల గంటల తరబడి ఆగిపోతుంది, దాని మీద ఎవరి తలరాతా రాయకూడదు అన్నారు.

ఆయన ఎందుకంత గట్టిగా అన్నారో చాలా ఏళ్ళ తరవాత ఒక కెనడా కేసు గురించి చదివినప్పుడు తెలిసింది. ఇది పిల్లలు ప్రత్యేకంగా వినాలి. 1959 జూన్‌లో ఒంటారియో రాష్ట్రంలో క్లింటన్ అనే ఊరి దగ్గర స్టీవెన్ ట్రస్కాట్ అనే 14 ఏళ్ళ కుర్రాడు తన బడిలో చదివే 12 ఏళ్ళ అమ్మాయిని సాయంత్రం సైకిలు మీద ఎక్కించుకుని రోడ్డు దాకా దింపాడు. రెండు రోజుల తరవాత ఆ అమ్మాయి శవం దొరికింది. పరీక్ష చేసిన డాక్టరు పొట్టలోని ఆహారం చూసి, ఆ సాయంత్రం 7 గంటలకీ 7 గంటల 45 నిమిషాలకీ మధ్య చనిపోయిందని చెప్పాడు. ముప్పావు గంట! ఆ ముప్పావు గంటలో ఆమెతో ఉన్నది ఆ కుర్రాడే. ఉరిశిక్ష వేశారు. తరవాత యావజ్జీవంగా మార్చారు. పదేళ్ళు జైల్లో ఉండి 1969లో పెరోల్ మీద బయటికొచ్చాడు. 2007లో ఒంటారియో అప్పీలు కోర్టు ఆ తీర్పు చెల్లదని కొట్టేసింది. ఆ వేళ అంత కచ్చితంగా చెప్పడానికి శాస్త్రంలో ఆధారం లేదన్నది అక్కడ నడిచిన వాదనల్లో ముఖ్యమైనది. అప్పటికి ఆయనకి అరవై దాటింది. ఇక్కడ ముందు వరసలో కూర్చున్నవాళ్ళ ఈడువాడు, ఒక డాక్టరు వ్యవధిని కుదించి రాయడం వల్ల, ఉరికంబం మెట్ల దాకా వెళ్ళాడు. నేను మా డాక్టరుగారిని అడిగిందీ అదేగా, కుదించి రాయమని. నా ఉద్దేశం మంచిదే, ఆ ఇల్లాలికి సాయం చేద్దామని. కానీ అడిగింది మాత్రం అదే.

డాక్టరుగారు ఆ రోజు నన్ను పంపించే ముందు ఒక మాట అడిగారు. "ఒంటిగంటకి నా దగ్గరికొచ్చేసరికి అన్నీ ముదిరిపోయి ఉన్నాయి. పొద్దున ఏడున్నరకి చూసింది మీరు. అప్పుడు చెయ్యి బిగిసి ఉందా? మోకాలు? పంచనామాలో ఏం రాశారు?"

ఏమీ రాయలేదు. చొక్కా రంగు రాశాం. జేబులో ఉన్న 42 రూపాయలు రాశాం. చెప్పులు ఎక్కడున్నాయో రాశాం. మోచెయ్యి వంగలేదని రాయలేదు. కంట్రోల్ రూములో గోడకి థర్మామీటరు వేలాడుతోంది, ఇరవై అడుగుల దూరం. తెచ్చి ప్యానెల్ వెనక పెట్టి చదివి ఉంటే ఒక నిమిషం పని. ఆరు దాటాక పోయి ఉంటే ఏడున్నరకి, అంత వేడిలో కూడా, దవడ దగ్గర మొదలై ఉండేదేమో గానీ మోచెయ్యి అంతలా బిగియడం కష్టం అన్నారు డాక్టరుగారు. అది కాగితం మీద ఉంటే మాటకి బలం ఉండేది. రెండేళ్ళ తరవాత నేను సాక్ష్యం చెప్పడానికి నిలబడి, "చెయ్యి బిగిసి ఉందండీ" అంటే, అవతలి లాయరు పంచనామా నా చేతికిచ్చి, "ఎక్కడుందో చూపించండి, ఈ సంతకం మీదేనా?" అన్నాడు. నాదే. తొమ్మిదో తరగతిలో రెండు నిమిషాలకోసారి రీడింగు రాసినవాణ్ణి, బతుకంతా రీడింగుల మీద బతికినవాణ్ణి, రాయవలసిన రోజున రాయలేదు.

మిగిలిన దారి ఒకటే కనిపించింది. పంపుల దగ్గర గంటగంటకీ బేరింగుల ఉష్ణోగ్రత, పీడనం లాగ్ షీటులో రాయాలి. ఆ రాత్రి షీటులో ఆయన చేతిరాత మూడింటి వరకు ఉంది. నాలుగు, అయిదు, ఆరు గడులు ఖాళీ. అవతలివాళ్ళు దాన్ని కూడా వాడుకున్నారు: "మూడింటి నుంచి నిద్రపోయాడన్నమాట!" నేను స్టోర్‌రూములో దుమ్ము దులిపి అంతకుముందు ఆరు నెలల షీట్లు తీయించాను. ఆయన చేసిన రాత్రి షిఫ్టులన్నీ ఒక్కొక్కటే చూశాను. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. ఆ కట్ట తీసుకెళ్ళి ఇచ్చాను.

డాక్టరుగారిని కూడా పిలిచారు. ఆరు గంటల వ్యవధిని ఒక్క నిమిషం కూడా తగ్గించలేదు. మూడుకీ నాలుక్కీ మధ్య పోయి ఉండవచ్చా అని అడిగితే, "అందుకు విరుద్ధమైనదేదీ శవంలో నాకు కనపడలేదు" అన్నారు. ఆరు దాటాక పోయి ఉండవచ్చా అంటే, "పూర్తిగా కాదనలేను, అవకాశం తక్కువ" అన్నారు. నాకు ఆ క్షణంలో మళ్ళీ కోపం వచ్చింది, దాచుకోను. కానీ ఆయన రెండో జవాబు అలా ఉండబట్టే మొదటి జవాబుని అందరూ నమ్మారని ఇప్పుడనిపిస్తుంది. శరీరం చెప్పిన ఆరు గంటల్లో, లాగ్ షీటు చెప్పిన గంట ఇమిడింది. తీర్పు ఆమెకి అనుకూలంగానే వచ్చింది, నాలుగో ఏట.

ఈ రోజుల్లో ఫోను, సీసీ కెమెరా, చేతి గడియారం అన్నీ సాక్ష్యం చెబుతున్నాయి. పంచనామాకి సెక్షన్ నంబరు కూడా మారింది, పాత 174 కాస్తా 2024 జులై నుంచి కొత్త చట్టంలో 194 అయింది. అయినా పంచాయతీదారుగా సంతకం పెట్టే అవసరం మనలో ఎవరికైనా రావచ్చు. వస్తే, చూసిన టైము, ఆ చోటి వేడి, ఫ్యాను తిరుగుతోందా, కిటికీ తీసి ఉందా, ఒళ్ళు వెచ్చగా ఉందా, చెయ్యి వంగిందా, ఇవి రాయించండి. రాసే ఆయన విసుక్కుంటాడు. అయినా రాయించండి.

ఇంకొక్కటి చెప్పి దిగిపోతాను. ఇదంతా మొదలవక ముందే, పదకొండో రోజు లోపలే అనుకుంటాను, ఆయన భార్య, ఆమె అన్నగారు మా క్వార్టరుకి వచ్చారు. డబ్బు సంగతి అడుగుతారనుకుని నేనేదో చెప్పబోయాను. ఆమె అడిగింది అది కాదు. "ఎన్ని గంటలకి పోయారండీ?" అంది. పంతులుగారు అడిగారట. ఆ తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో ఏకాదశి వెళ్ళి ద్వాదశి వచ్చింది. ఏటా తద్దినం ఏ తిథికి పెట్టాలో తెలియాలి. డాక్టరుగారి కాగితంలో ఒంటిగంట నుంచి ఏడు దాకా ఉంది, అందులో రెండు తిథులూ ఉన్నాయి. నాకు నోట మాట రాలేదు. లోపలికి వెళ్ళి, లాగ్ షీటు నకలు తెచ్చి, ఆయన చేత్తో రాసిన చివరి అంకెలు చూపించాను. "మూడింటికి ఉన్నారమ్మా. నాలుగింటికి రాయలేదు" అన్నాను. ఆమె ఆ మూడో గంట గడి మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. "అయితే ఏకాదశే పెట్టుకుంటామండీ" అంది.